ఒక అణా పలహారము

(సర్ పిట్టి త్యాగరాయ శెట్టి స్మారకోపన్యాసము: వాషర్‌మెన్‌పేట్, చెన్నపురి)



త్యాగరాయ శెట్టిగారిని గూర్చి ఈ పేటవారికి క్రొత్తగా చెప్పవలసిన దేమున్నది? ఇక్కడ వారి పేర 1950లో వెలసిన కళాశాల కలదు. భూగర్భమున పరుగెత్తు మెట్రో రైలునకు ఆ కళాశాల పేరిట స్టేషను కలదు. నగరమునకు దక్షిణమున త్యాగరాయనగర మున్నది. 1852లో తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించి, ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టము పొంది, సుమారు నలుబది సంవత్సరములు నగరపాలనములో మెలగి, అధికారేతరులలో నుండి ఎన్నికైన తొలి అధ్యక్షులుగా కార్పొరేషనును నడిపి, 1920లో చెన్నపురి రాజధాని మంత్రివర్గమునకు నాయకత్వము వహింపుడని గవర్నరు పిలిచినను వలదని సుబ్బరాయలు రెడ్డియారుగారికి దారి విడిచిన ఆ పెద్దమనిషి చరిత్ర మీకు కంఠస్థము. వారి రాజకీయములను మెచ్చువారును, నిరసించువారును నేటికిని కలరు. ఆ వివాదములోనికి నేను దిగబోను. వారి అధ్యక్షతన జరిగిన యొక చిన్న తీర్మానమును మాత్రము చేతబుచ్చుకొని, ఉద్యోగమునకును కుటుంబమునకును నడుమ నలిగిపోవు మనుజునకు సంఘము చేయదగిన సాయమేమి యను ప్రశ్నను నేడు మీ ముందుంచెదను.

ఈ పేట పనిలోనే పుట్టినది. కుంఫిణీవారు ఓడలకెక్కించు బట్టలను ఉతికి చలువచేయుటకు కావలసిన నీరును, ఆరవేయుటకు కావలసిన బయలును ఈ ఉత్తరపు దిక్కున దొరకుటచేత చాకలివారు ఇచ్చట కాపురముండిరి. వారి నానుకొని నేతవారును, వర్తకులును వచ్చి చేరిరి. ఆనాటి నేతగాని యిల్లు యెట్లుండెడిదో యొకసారి తలపునకు తెచ్చుకొనుడు. గదిలో నొకవైపు మగ్గపు గుంట, మరియొకవైపు పొయ్యి. నడుమ దూలమునకు వ్రేలాడు చీరయుయ్యెల. మగడు గుంటలో కాళ్లుపెట్టి నాడె విసరుచుండగా, ఆలు రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టుచు, కాలి బొటనవ్రేలికి కట్టిన త్రాటితో ఉయ్యెల నూచుచు, పొయ్యిమీది గంజి పొంగునప్పుడు లేచి మూత తీసి, మరల వచ్చి తెగిన పోగు నతుకుచుండెడిది. ముసలివారు ఆసు పోయుదురు. బడి యీడు పిల్లలు పడుగునకు గంజిపెట్టు వేళ ఆ చివర పట్టుకొని నిలుచుందురు. పనియు సంసారమును ఒక్క కప్పు క్రింద నుండుటచేత ఒకదానికై మరియొకదానిని విడిచిపోవలసిన అగత్యము లేకుండెను.

ఐనను ఆ కాలమును స్వర్గముగ వర్ణించుట నా యభిమతము కాదు. కూలి లెక్కకు వచ్చుసరికి షావుకారు మగ్గము నెరుగును గాని రాట్నము నెరుగడు. నేసిన గుడ్డకు కూలి కలదు, చుట్టిన కండెకు లేదు. ఇల్లాలి శ్రమ మగని కూలిలో కనబడకుండ కలిసిపోయెడిది. నేటి మన చిక్కులకు మూలము యంత్రయుగమనియు, స్త్రీ గడప దాటుట యనియు చెప్పువారు ఈ రాట్నమును మరచుచున్నారు. ఆమె నాడును పనిచేయుచుండెను. ఆ పనికి లెక్క మాత్రము లేకుండెను.

మిల్లులు వచ్చినవి. 1876లో బకింగ్‌హామ్ మిల్లును, కొలది యేండ్లకే కర్నాటిక్ మిల్లును మనకు పొరుగుననున్న పెరంబూరులో నెలకొనగా, 1920లో ఆ రెండును ఏకమై బి అండ్ సి మిల్లు అయినది. ఈ చుట్టుపట్ల పేటలలోని వేలకొలది కుటుంబములకు పొద్దు ఎక్కుటయు, క్రుంకుటయు మిల్లు కూతతోనే జరిగెను. ఇల్లు ఒకచోట, పని మరియొకచోట అయినది. మొదటిసారిగా కాలము అమ్ముడుపోవు వస్తువైనది. 1918 ఏప్రిలులో బి.పి. వాడియాగారి అధ్యక్షతన చెన్నపురి కార్మికసంఘము ఏర్పడుటకు కారణములైన ఫిర్యాదులను చూడుడు. వానిలో ముఖ్యమైనదొకటి మధ్యాహ్నపు విరామము అరగంటయే యుండుట. ఆ అరగంటలో కార్మికుడు తలవాకిలి దాటి, చేయి కడిగి, మెతుకులు మ్రింగి, తలుపు మూయకముందే లోపలికి పరుగెత్తవలెను. దానిని నలుబది నిమిషములు చేయుడని వారు వేడుకొనిరి. భారతదేశమునందలి తొలి క్రమబద్ధ కార్మికసంఘములలో అగ్రగణ్యమైన ఆ సంఘము కోరిన తొలి కోరికలలో పది నిమిషముల అన్నపువేళ యొకటి. కూలి యెంత యనునదానితో సమానముగ, కాలమెవనిది యను ప్రశ్నయు ఆనాడే పుట్టినదని మనము గ్రహింపవలెను.

ఇప్పుడా తీర్మానమునకు వత్తును. 1920 సెప్టెంబరులో కార్పొరేషను సభ తమ అధ్యక్షులైన త్యాగరాయ శెట్టిగారి ప్రతిపాదనమును ఆమోదించి, థౌజండ్ లైట్స్ లోని కార్పొరేషను పాఠశాల విద్యార్థులకు మధ్యాహ్నము పలహారము పెట్టుటకు నిశ్చయించెను. ఖర్చు బాలునికి దినమునకు ఒక అణాను మించరాదు. ఆ బడి పిల్లలు నిరుపేదలనియు, అందుచేతనే బడిలో సంఖ్య క్షీణించుచున్నదనియు శెట్టిగారు సభకు విన్నవించిరి. తరువాత ఈ యేర్పాటు మరి నాలుగు పాఠశాలలకు వ్యాపించినది. రూపాయిలో పదునారవ వంతైన ఆ యొక్క అణా యెంతపని చేసినదో పరికింపుడు. బిడ్డకు ఒకపూట తిండి దొరకినది. బడికి బిడ్డ దొరకినాడు. ఇంటిలో ఆ పూట పొయ్యి రగిలించుటకై కూలి విడిచి రావలసిన తల్లికి ఆ పూట మిగిలినది. ఈ మూడవ ఫలమును ఆనాటి తీర్మానము పేర్కొనలేదు. శెట్టిగారు తల్లుల శ్రమను తలచియే దానిని తెచ్చిరని నేను చెప్పినచో అది వారిపై నా భక్తిని చాటును గాని చరిత్ర కాజాలదు. కాని మంచి ప్రజాకార్యము తన కర్త తలచినదానికంటె దూరము పోవును.

ఆ కార్యమునకు పట్టిన గతియు చెప్పవలసియున్నది. 1925 ఏప్రిల్ 1 నుండి ప్రాథమిక విద్యానిధి నుండి ఈ పలహారమునకు ఖర్చుపెట్టరాదని ప్రభుత్వము నిషేధించెను. ఆ నెల 28వ తేదీన త్యాగరాయ శెట్టిగారు కీర్తిశేషులైరి. అన్నము విద్యలో భాగము కాదని లెక్కలు చూచువా రనుకొనిరి కాబోలు. ఆ తర్కము తప్పని తేలుటకు మూడు దశాబ్దములు పట్టినది. 1956లో కామరాజుగారి ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమును రాష్ట్రమంతటికిని విస్తరింపజేయ పూనుకొనెను. 1982 జూలై 1న ఎం.జి. రామచంద్రన్‌గారు దానిని బాల్వాడి శిశువులతో సహా పెంచి, మనము నేడు సత్తుణవు అని పిలుచు పథకముగ రూపొందించిరి. 2022 సెప్టెంబరు 15న మధురలో ఉదయపు పలహార పథకము మొదలై, మరుసటి యేడు రాష్ట్రమందలి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికిని ప్రాకినది. ఉప్మాయో, పొంగలో బడిలో దొరకునని యెరిగిన తల్లి ఆరుగంటలకు ఇడ్లీపాత్ర దింపుట, ఏడింటికి క్యారియరు కట్టుట, ఎనిమిదింటికి బిడ్డకు తినిపించుట యను మూడు పనులలో నొకదానిని తీసివేయగలిగినది. ఆ వంటశాలలలో గరిటె పట్టువారును స్త్రీలే. వారిలో పెక్కండ్రు గౌరవవేతనముతో సరిపెట్టుకొనువారే. ఒక స్త్రీ భారము తగ్గించు పథకము మరియొక స్త్రీకి చాలీచాలని జీతముతో నడచుట న్యాయము కాదని యిక్కడనే చెప్పి ముందునకు సాగెదను.

ఇక చట్టముల త్రోవ. 1919లో వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ కార్మికసంస్థ తొలి మహాసభయే ప్రసవమునకు ముందు ఆరు, వెనుక ఆరు వారముల విశ్రాంతియు, చంటిబిడ్డకు పాలిచ్చుటకు పనివేళలోనే దినమునకు రెండు అరగంటలును కావలెనని తీర్మానించెను. మన దేశమున బొంబాయి 1929లోను, చెన్నపురి రాజధాని 1934లోను ప్రసూతి చట్టములు చేసినవి. తల్లికి విశ్రాంతి నొసగుట జాతిహితము గావున ఆ వ్యయమున ముఖ్యభాగము ప్రభుత్వమే వహింపవలెనని 1928లోనే బొంబాయి శాసనమండలిలో అంబేడ్కరుగారు వాదించిరి. స్వతంత్ర భారతము 1961లో చేసిన చట్టము పండ్రెండు వారములిచ్చెను. 2017 సవరణ దానిని, మొదటి ఇద్దరు బిడ్డలకు, ఇరువదియారు వారములకు పెంచెను. యాబది మందియో అంతకు పైబడియో పనిచేయుచోట శిశుసంరక్షణ గృహ ముండవలెనని, తల్లి దినమునకు నాలుగుమారులు పోయి బిడ్డను చూచుకొనవచ్చునని అదే సవరణ విధించినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియు ఆ యాబది సంఖ్యనే నిలిపినది.

చూచుటకు ఘనముగ నున్నది. కాని ఈ ఘనత మన పేట గడపదాక వచ్చి ఆగిపోవుచున్నది, కారణము సంఖ్య. ఈ పేట బట్టల బజారైన ఎం.సి. రోడ్డు నొక చివర నుండి మరియొక చివరకు నడువుడు. చీరల దుకాణములు, రెడీమేడు దుకాణములు, లంగాల గుడ్డ యమ్మువారు, లేసులును గుండీలును అమ్ము గది యంగడులు. ఒక్కొక్కదానిలో నలుగురు, ఆరుగురు, ఎనమండ్రు. పదిమందికి తక్కువైనచోట ప్రసూతి చట్టమే తాకదు. యాబదికి తక్కువైనచోట శిశుగృహ మనుమాట లేదు. ఇక సందులలో, మేడమీది గదులలో కుట్టుమిషను ముందు కూర్చుండి ముక్కకింత చొప్పున జాకెట్టులు కుట్టు స్త్రీకి యజమాని యెవడో చెప్పుటయే కష్టము. అందరినీ కలిపి లెక్కించినచో ఈ ఒక్క బజారు ఒక పెద్ద మిల్లుతో తులతూగును. విడదీసి లెక్కించినచో చట్టము దృష్టికి ఎవరును లేరు.

ఆ దుకాణములలో పనిచేయు ఒక తల్లి దినచర్యను దగ్గరగా చూడుడు. అంగడి పదింటికి తెరతురు. రాత్రి తొమ్మిది దాటినగాని మూయరు. దీపావళికి ముందును, ఆడిమాసపు తగ్గింపు అమ్మకములలోను మూయు వేళకు మేరయే లేదు. బిడ్డ బడి సాయంకాలము నాలుగింటికి విడుతురు. బాల్వాడి అంతకు ముందే మూతపడును. ఆ బడి గంటకును, ఈ అంగడి తలుపునకును నడుమ ఐదారు గంటలున్నవి. ఆ గంటలలో బిడ్డ ఎక్కడ నుండవలెను? పొరుగింటి అరుగుమీదనో, ట్యూషను పేరిట యొక గదిలోనో, వీథిలోనో, లేదా పదేండ్ల అక్క చంకలోనో. చీర విప్పి కొంగు చూపి, మడిచి, మరియొకటి విప్పుచు నవ్వుమొగముతో నిలుచున్న ఆమె మనస్సు ఆ అరుగుమీదనే యుండునని వేరుగ చెప్పనక్కరలేదు. ఆమె కూర్చుండుటకొక బల్ల యుండవలెనని తమిళనాడు శాసనసభ 2021లో చట్టము చేయవలసివచ్చినది. కాళ్లకు బల్ల దొరకినది. ఆ ఐదారు గంటలకు ఇంకను ఏదియు దొరకలేదు.

ప్రయాణమున మాత్రము కొంత వెసులుబాటు కలిగిన మాట నిజము. 2019 ఫిబ్రవరిలో మెట్రో ఈ పేటకు వచ్చినది. 2021 నుండి నగర సాధారణ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు. తెలంగాణమున 2023 డిసెంబరులోను, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టులోను ఇట్టి సౌకర్యమే యేర్పడినది. వీనిని ఉచితములని పరిహసించువారికి నేనొక్క మాట చెప్పెదను. బస్సు ఛార్జి మిగిలిన స్త్రీ ఇంటికి దూరమైనను మంచి పనిని వెదకుకొనగలదు. అది భిక్షము కాదు.

ఇక పురుషుల సంగతి. ఈ సభలో మగవారే ఎక్కువగ నుండుట నాకు సంతోషము. ఈ మాట వారికే చెప్పవలసియున్నది. 2024లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము జీతము లేని ఇంటిపనులు చేయువారిలో స్త్రీ సగటున దినమునకు 289 నిమిషములు, పురుషుడు 88 నిమిషములు వాని కొరకు వెచ్చించుచున్నారు. అనగా బయటి పని గాక, ఇంటిలోనే ఆమె దినమునకు దాదాపు ఐదు గంటలు పనిచేయుచున్నది. కేంద్రప్రభుత్వోద్యోగియైన తండ్రికి బిడ్డ పుట్టినపుడు పదునైదు దినముల సెలవు కలదు. ప్రైవేటు ఉద్యోగియైన తండ్రికి చట్టమిచ్చునది శూన్యము. 1974లోనే స్వీడను దేశము బిడ్డ సెలవును తల్లిదండ్రులలో ఎవరైనను వాడుకొనవచ్చునని చట్టము చేసినది. కుటుంబ బాధ్యతలు గల పనివారు స్త్రీలైనను, పురుషులైనను సమానావకాశములు పొందవలెనని అంతర్జాతీయ కార్మికసంస్థ 1981లో 156వ ఒడంబడికను చేసినది. అందు పిల్లలే కాక, సంరక్షణ కావలసిన ఇతర దగ్గరి కుటుంబసభ్యులును చేరియున్నారు. మంచము పట్టిన తండ్రికి మందు తాగించి వచ్చిన గుమాస్తాయు ఈ మాటకు లోబడినవాడే. భారతదేశము ఆ ఒడంబడికను నేటికిని ఆమోదింపలేదు. సెలవంతయు తల్లికే ఇచ్చి, దాని ఖర్చంతయు యజమానిపైనే వేసినచో, ఇ.ఎస్.ఐ. వంటి బీమా లేనిచోట యజమాని యువతిని చేర్చుకొనుటకే వెనుదీయును. మేలు చేయబోయి ద్వారము మూసినట్లగును.

బిడ్డను చూచుకొనువా రెవరను ప్రశ్నకు మన పెద్దలిచ్చు సమాధానము నాకు తెలియును: "ఇంట అవ్వ యున్నది గదా!" ఉన్నచో అది ఆ బిడ్డ భాగ్యము. కాని ఈ పేట అద్దెలు భరింపలేక చిన్నకుటుంబములు మనలికిని, ఎన్నూరునకును తరలిపోవుచున్నవి. అవ్వ ఇచ్చట, మనుమడు అచ్చట. ఉన్న అవ్వలలోను చాలమంది తామే ఇతరుల ఇండ్లలో పాచిపనికి పోవుచున్నారు. అవ్వను నమ్ముకొని నగరము నడుపుట యెంతవరకు సాధ్యము? దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు ఈ చెన్నపురిలో 1937లో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పినపుడును, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘమునకు తొలి అధ్యక్షురాలైనపుడును చూపిన త్రోవ వేరు. చదువు మధ్యలో ఆగిన స్త్రీలకు కొలదికాలములో పరీక్షకు సిద్ధపరచు తరగతులు నడిపి, వారిచే పరీక్షలు వ్రాయించి, ఉద్యోగములలో నిలిపిరి. బాధ నెరిగి ఓదార్చుటతో ఆగక, ఆ బాధ తీర్చు సంస్థను కట్టుట ఆమె పద్ధతి.

అదే పద్ధతిలో నేడు ఈ పేటకు నేను చేయు ప్రతిపాదన యొక్కటే. 2017 సవరణలో శిశుగృహమును యజమానులు విడివిడిగనైనను, ఉమ్మడి సౌకర్యముగనైనను ఏర్పరుపవచ్చునని స్పష్టముగ నున్నది. యాబది మంది లేని అంగడిని చట్టము నిర్బంధింపదు, నిజమే. కాని నలుబది అంగళ్లు కలిసి ఒక గృహము పెట్టుకొనుటను ఏ చట్టమును నిషేధింపదు. ఎం.సి. రోడ్డు వర్తకులు అంగడికింత చొప్పున నెలనెల వేసికొని, ఒక మేడలో రెండు గదులు తీసికొని, చదువుకొన్న ఇద్దరు స్త్రీలకు గౌరవప్రదమైన జీతమిచ్చి నియమించి, సాయంకాలము నాలుగు మొదలు అంగడి మూయువరకు పిల్లలనుంచుటకు ఏర్పాటు చేసినచో, అది ఈ దేశమునకే మాదిరి యగును. కార్పొరేషనువారు మూతపడిన బడి గదులలో నొకదానిని సాయంకాలములందు ఇయ్యవచ్చును. తండ్రులు వంతులవారీగ వచ్చి చూచుకొనవచ్చును. అట్లు వచ్చినపుడు ఆ 88 నిమిషములు కొంత పెరుగును.

దీనివలన వర్తకునకు లాభమున్నదా యని యడుగవచ్చును. ఉన్నది. పని నేర్చిన అమ్మకపు స్త్రీ బిడ్డ పుట్టగనే మానివేసినచో, క్రొత్తదానికి పట్టునకును పాలియెస్టరునకును భేదము నేర్పుటకు ఒక పండుగకాలము గడచిపోవును. ఐనను లాభము కొరకే దీనిని చేయుడని నేను చెప్పను. ఇంటి కండెకు కూలి లెక్కింపని తప్పు మన తాతలది. ఆ తప్పునే అంగడి లెక్కలలో కొనసాగించుట మనది కారాదు. పనివానికి గల కుటుంబము అతని సొంతగొడవ యనువాదము అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

కావున వర్తకసంఘముల పెద్దలారా, త్యాగరాయ శెట్టిగారి పేర ఏటేట పూలమాలలు వేయుట మంచిదే. ఈ యేడు దీపావళి అమ్మకములు మొదలగుటకు ముందే ఆ రెండు గదులు చూపుడు. అద్దెకు, జీతములకు ఎంత కావలెనో లెక్క వేసి, అంగడికెంత పడునో కాగితముమీద పెట్టి, మీ సంఘపు తదుపరి సమావేశమున తీర్మానము చేయుడు. ఆ పనికి కావలసిన చందా వసూలు చేయుటకు ఈ పేట యువకులు మీ వెంట నడచెదరని వారి తరఫున నేను మాట ఇచ్చుచున్నాను.